ఫోన్‌లో పాఠం, పుస్తకంలో లెక్క

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు వైపుల నుంచీ పొద్దున్నే బస్సులెక్కి వచ్చినారు. ఎక్కువసేపు కూర్చోబెట్టం. పొదుపు ఎంత, అప్పు ఎంత అనేది నివేదికలో అచ్చయింది, దాన్ని మళ్లీ చదవం. ఆ లెక్కల వెనకాల ఉండే నీతి గురించి, దాన్ని ఫోన్‌లో పాఠాలుగా చెప్పుకోవడం గురించి నాలుగు మాటలు చెప్తాం.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల ఊరు. గాజో గొలుసో తాకట్టు పెడితే అక్కడ అప్పు పుడుతుంది. మన సంఘానికి మాత్రం బ్యాంకు 20 లక్షల రూపాయల దాకా ఏ తాకట్టూ లేకుండా ఇస్తుంది. ఏం చూసి ఇస్తుంది? మన పుస్తకాలు, మన కంతులు, మనం ఒకరికొకరం పూచీ పడే మాట చూసి. ఒక్క లీడరు ఆ డబ్బు వాడుకుంటే పది ఇళ్లకూ అప్పు పుట్టదు. అందుకే ఈ మాట ఇంతగా పట్టుకున్నాం.

పంచసూత్రాలు మీ అందరికీ నోటికొచ్చు. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం, అన్నీ క్రమం తప్పకుండా. గోడ మీద రాసుకున్నాం, పాటలు కట్టి పాడుకున్నాం. కానీ ఇబ్బంది వచ్చిన రాత్రి ఏం చేయాలో సూత్రం చెప్పదు. అందుకే మా వీడియోల్లో సూత్రాలు చదివించలేదు, ఇబ్బందినే చూపించినాం.

మొదటి వీడియో రెండు నిమిషాలు. కంతుల డబ్బు 14 వేలు లీడరక్క చేతిలో ఉంది, పొద్దున బ్యాంకులో కట్టాల. ఆ రాత్రి బిడ్డకు జ్వరం ముదిరి ఆసుపత్రికి ఎత్తుకుపోతుంది. చేతిలో ఉన్న డబ్బే కడుతుంది. పది రోజులకు తెచ్చి పెట్టేస్తుంది, పైసా తక్కువ లేదు. వీడియో అక్కడ ఆగిపోతుంది. తప్పా, కాదా?

జమ్మలమడుగు వైపు ఒక మీటింగులో దీని మీద గంటన్నర మాట్లాడినారు. ‘బిడ్డ ప్రాణం కంటే కంతు ఎక్కువా?’ అని మొదట సగం మంది లేచినారు. వెనక కూర్చున్న ఒక పెద్దామె మెల్లగా అడిగింది, ‘అదే నా బిడ్డకు జరమొస్తే ఆ దుడ్లు నాకిస్తారా?’ అని. అందరూ గమ్మునైపోయినారు. ఇంకొకామె, ‘అడిగింటే ఇచ్చేవాళ్లం గదా, అడగకపోవడమే తప్పు’ అంది. చివరికి వాళ్లే ఒక తీర్మానం రాసుకున్నారు. రాత్రిపూట అవసరం వస్తే ఇద్దరు సభ్యులకు ఫోన్ చేసి ఒప్పించుకోవాల, తెల్లారి పుస్తకంలో అప్పుగా ఎక్కించాల, ఈ వెసులుబాటు లీడరుకే కాదు ప్రతి సభ్యురాలికీ ఉండాల. ఇంత మంచి నియమం మేం కూర్చుని రాసినా వచ్చేది కాదు.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ చిన్న ప్రొజెక్టర్లతో మన రాష్ట్రంలో సంఘాల మీటింగుల్లో వ్యవసాయం వీడియోలు చూపించింది. వాటిలో మాట్లాడేది ఆ చుట్టుపక్కల రైతులే. మధ్యలో ఆపి ప్రశ్న అడగడం, జవాబులు విన్నాక మళ్లీ నడపడం, ఇదే దాని కిటుకు. ఆపకుండా చూస్తే అది సీరియలే.

రెండో పాఠం మీద మాకే దిగులుంది. కంతు కట్టని ఆమె పేరు, ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టడం. ‘సిగ్గుపడి కడుతుందిలే’ అంటారు. కట్టొచ్చు. కానీ 2010 నాటి సంగతి పెద్దవాళ్లకు గుర్తుండాల. మైక్రోఫైనాన్స్ కంపెనీల వాళ్లు ఇళ్ల ముందర కూర్చుని, సాటి సభ్యుల చేతనే తిట్టించి వసూలు చేసినారు. రాష్ట్రంలో ఆత్మహత్యల వార్తలు వచ్చినాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆ జులుం ఆపాల్సి వచ్చింది. వాళ్లు గడప ముందర చేసిన పనే మనం ఫోన్‌లో చేస్తే తేడా ఏముంది? గడప ముందర కూర్చున్నోళ్లు రాత్రికైనా లేచిపోతారు, ఫోన్‌లో ఫోటో పోదు. కట్టలేకపోవడం వేరు, కట్టకపోవడం వేరు. పులివెందుల వైపు చీనీ కాయల రేటు పడిపోయిన ఏడు, శనిక్కాయకు వాన రాని ఏడు ఎవరు దేనికి ఆగినారో ఇంటికి పోయి అడిగితే తెలుస్తుంది.

మిగతా పాఠాలు చిన్నవి. ఖాళీ తీర్మానం మీద సంతకం పెట్టొద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, మాకు కూడా. సంఘం ఖాతాకు ఏ ఫోన్ నంబరు ఇచ్చినారో ఈ వారమే చూసుకోండి. లీడరు భర్త నంబరో, పాత లీడరు నంబరో ఉంటే మెసేజ్ మీకెట్ల వస్తుంది? పాస్‌బుక్ నెలకొకసారి ప్రింటు వేయించి మీటింగులో గట్టిగా చదవండి. లోకోస్ యాప్‌లో లెక్కలెక్కిస్తున్నారు కదా అని ఊరుకోవద్దు. అబద్ధం ఎక్కిస్తే యాప్ అబద్ధమే చూపిస్తుంది.

ఫోన్ లేని వాళ్లున్నారు, ఫోన్ ఉన్నా అది మొగుని జేబులో ఉండేవాళ్లున్నారు. అందుకని పాఠం ఎవరి ఇంటికీ పంపి వదిలేయడం లేదు, మీటింగులో అందరూ కలిసి చూడాల్సిందే.

ఇంకొక మాట. ప్రశ్నలన్నీ సంఘాలకేనా, సమాఖ్యకు లేవా? సమాఖ్యలు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నడిచేవి. ఓనర్లు సభ్యులే, మేం మీరు పెట్టిన మనుషులం. కాబట్టి అయిదో పాఠం మా మీద తీస్తున్నాం. పాలకవర్గం సభ్యురాలి చుట్టం అంగట్లో సమాఖ్య సామాను కొనొచ్చా? మీటింగు బత్యం ఎంత, దాన్ని ఎవరు ఒప్పుకోవాల? ఈ వీడియోలు తీయడానికి అయిన ఖర్చు బిల్లులు ఆ బల్ల మీద పెట్టినాం. భోజనాలకు ముందర చూడండి, అనుమానం ఉంటే మైకులోనే అడగండి.

అయిదో పాఠానికి మీ నుంచి కేసులు కావాల. వచ్చే నెల మీటింగుకు ఒక్కో గ్రామ సమాఖ్య ఒక్కో సంగతి తేవాల. ఊరి పేరు, మనిషి పేరు వద్దు. రాయడం రాకపోతే వచ్చి చెప్పండి, మేం రికార్డు చేసుకుంటాం.