నూలు వడికిన చేయి, వస్త్రము నేసిన చేయి

(గ్రామ పంచాయతి సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము చూచుటకు చిన్నది. ఒక గ్రామములో నూలు వడుకువారు, రంగులు వేయువారు, మగ్గము నేయువారు ఏడాదికి ఒకటి రెండు పర్యాయములు ఒకచోట చేరి, తాము చేతితో చేసిన పనిని ఒకరికొకరు చూపుకొనుటయే ఆ విషయము. ఇది అమ్మకము కాదు, పోటీ కాదు, పై అధికారులు వచ్చినప్పుడు ఏర్పరచు ప్రదర్శనము కాదు. పనివారు పనివారికొరకు జరుపుకొను కూడిక. దీనివలన గ్రామమునకు ఏమి లాభము, ఇందులో పంచాయతికి ఏమి పని యని మీరు అడుగవచ్చును. ఆ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పుటకు ప్రయత్నించెదను.

ఉదాహరణకు శ్రీకాకుళము జిల్లాలోని పొందూరును తీసికొందము. సన్న ఖాదీకి ఆ ఊరు స్వాతంత్ర్యోద్యమ కాలమునుండియు పేరుపొందినది. అక్కడి ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము 1949లో ఏర్పడినది. కొండపత్తి, ఎర్రపత్తి, పునాసపత్తి యను స్థానికమైన పత్తులనుండి అచ్చటి స్త్రీలు నూలు తీయుదురు. గింజతోనున్న కొండపత్తిని మొదట వాలుగ చేప దవడ యెముకతో దువ్వుదురు. ఆ యెముకకున్న సన్నని పండ్లు పత్తిలోని నలుసును తొలగించి పోగులను సరిచేయును. పిదప చిన్న పలకపై ఇనుప కడ్డీతో గింజను వేరుచేసి, దూదిని వింటితో ఏకి, ఏకులుగా చుట్టి, అవి నలుగకుండ ఎండిన అరటి దొప్పలో భద్రపరతురు. అటుపిమ్మట ఇరువది నాలుగు ఆకులు గల ఒంటికదురు రాట్నముపై వడుకుదురు. ఈ పనులలో ఏ ఒక్కటియు పుస్తకము చూచి నేర్చుకొనదగినది కాదు. తల్లి ప్రక్కన కూర్చుండి కూతురు, అత్త ప్రక్కన కూర్చుండి కోడలు నేర్చుకొనినవి.

ఆ పనిలోని శ్రమ తెలియుటకు ఒక చిన్న లెక్క చెప్పెదను. నూలు నంబరనగా, ఒక పౌను బరువునకు 840 గజముల చిలపలు ఎన్ని తూగునో ఆ సంఖ్య. నూరవ నంబరు నూలు కావలెనన్నచో ఒక పౌను దూదినుండి 84,000 గజముల దారము రావలెను. అనగా సుమారు 77 కిలోమీటర్లు. అర కిలోకైనను తక్కువైన దూదిని అంత పొడవున తెగకుండ, ముడి పడకుండ, ఒకచోట లావు ఒకచోట సన్నము కాకుండ లాగవలెను. కుడిచేయి రాట్నము త్రిప్పుచుండగా ఎడమచేతి వ్రేళ్ళు మాత్రమే ఆ కొలతను కనిపెట్టుచుండును. ఆ వ్రేళ్ళకు తెలిసినది మరి యే కొలబద్దకును తెలియదు.

ఇంత నేర్పు గల స్త్రీ తన నూలు వస్త్రమైన తరువాత దానిని ఎన్నిమార్లు చూచును? సభ్యులారా, మనము ఆలోచింపవలసినది ఇక్కడనే. ఖాదీ సంస్థల పద్ధతి సాధారణముగా ఇట్లుండును: వడుకునామె సంస్థవద్ద దూదిని తీసికొని, చిలపలను అప్పగించి, కూలి పుచ్చుకొని యింటికి పోవును. నేతగాడు మరియొక దినమున ఆ నూలును తీసికొనిపోయి గుడ్డగా నేసి తెచ్చును. ఆ గుడ్డ అంగడికి, అక్కడినుండి పట్టణమునకు పోవును. నూలు తీసిన చేయి గుడ్డను చూడదు, గుడ్డ నేసిన కన్ను నూలు తీసిన చేతిని ఎరుగదు. ఒకే ఊరిలో, ఒక్కొక్కప్పుడు ఒకే వీథిలోనున్న ఇద్దరు ఒకరి పని నొకరు చూడకయే జీవితమంతయు గడపుదురు.

దీనివలన కలుగు నష్టము చిన్నది కాదు. పడుగునకు పోవు దారమునకు పురి చాలినంత ఉండవలెను. పురి తక్కువైనచో అచ్చులో ఒరపిడికి తెగిపోవును, మితిమీరినచో మెలికలు పడును. పేకకు కొంత మెత్తని దారమైనను సరిపోవును. వేరువేరు నంబర్ల చిలపలు కలిసిపోయినచో గుడ్డపై అడ్డచారలు కానవచ్చును. నేతగాడు తెగిన పోగులను అతుకుచు, నూలు మంచిది కాదని విసుగుకొనును. ఆ మాట వడికిన యామెకు చేరదు, చేరినను అది నిందగా మాత్రమే చేరును. ఏ పోగు, ఎక్కడ, ఎందువలన తెగినదో ఆమెకు తెలిసినచో మరునాటి ఏకునందే దానిని సరిదిద్దుకొనగలదు. ఏకు మేకైనదను సామెత మనవారు ఊరక పుట్టించినది కాదు. ఏకులో ఉపేక్షించిన దోషము గుడ్డలో గుచ్చుకొనును.

నేతగాని కష్టము కూడ వడుకునామెకు తెలియవలెను. నూలు పోగునకు తేమ యున్నప్పుడు బలమెక్కువ. వేసవి వడగాలికి పోగు పెళుసెక్కి తెగును. వర్షకాలమున గుంట మగ్గములోనికి నీరు ఊరును, గంజి పెట్టిన పడుగు ఆరదు. నేత నెలలో కొన్ని దినములు ఆగిపోవుటకు సోమరితనము కారణము కాదు. ఒకరి చిక్కు ఒకరికి తెలిసిన పిదప నింద తగ్గును, ఉపాయము పుట్టును.

ఉపాయము పుట్టుననుట ఒట్టిమాట కాదు. నల్లగొండ ప్రాంతమున పోచంపల్లి చీరలకు పోగులను కట్టి రంగు వేయుటకు ముందు ఆసు పోయుట యను పని కలదు. ఒక్క చీరకు దాదాపు 9,000 మార్లు చేతిని ముందుకు వెనుకకు ఆడింపవలెను. ఇంటనున్న స్త్రీలకు ఈ పనివలన భుజములు పట్టుకొనిపోవుచుండెడివి. చింతకింది మల్లేశమను యువకుడు తన తల్లి పడు బాధను చూచి, ఏండ్ల తరబడి శ్రమించి, 1999 నాటికి ఆసుయంత్రమును సిద్ధపరచి, దానికి తల్లి పేరే పెట్టెను. గంటల తరబడి సాగు పని ఆ యంత్రముతో చాలవరకు తగ్గినది. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది. ఆయన పెద్ద చదువు చదివినవాడు కాదు. పనిని, పనిలోని నొప్పిని దగ్గరనుండి చూచినవాడు. దగ్గరనుండి చూచుట యెంత ఫలమిచ్చునో ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

ఇట్టి కూడికకు ఒక ఆక్షేపణ తప్పక వచ్చును. "నా అంచు నమూనా చూపినచో రేపు ప్రక్కింటివాడు అదియే నేయును" అని నేతగాడు అనును. ఈ భయము నిర్హేతుకము కాదు. అమ్మకమునకు సిద్ధపరచుచున్న క్రొత్త నమూనాను చూపుమని ఎవ్వరిని బలవంతపెట్టరాదు. కాని ఒక ఊరి నేతకు వచ్చిన పేరు ఒక్కనిది కాదు. 1999 నాటి చట్టము ననుసరించి లభించు భౌగోళిక సూచిక నమోదు, పోచంపల్లి ఇక్కత్తునకు లభించినది, ఒక వ్యక్తికి గాక ఆ ప్రాంతపు ఉత్పత్తిదారు లందరికిని చెందును. పేరు ఉమ్మడిదైనప్పుడు దోషము కూడ ఉమ్మడిదే. ఒక యింటి రంగు వెలిసినచో కొనువాడు ఆ యింటిని దూషింపడు, ఊరినే దూషించును. కావున పొరుగువాని రంగు నిలుచుట నా యింటి అన్నమునకు సంబంధించిన మాట.

కొనువారిని మోసగించు వ్యాపారమును గూర్చి కూడ ఈ కూడికలలో తెలియజెప్పవలెను. చేనేత వేరు, ఖాదీ వేరు. చేతిమగ్గముపై నేసినది చేనేత. దానికి మిల్లు నూలు వాడవచ్చును. చేతితో వడికిన నూలును చేతితో నేసినదే ఖాదీ యని 1956 నాటి ఖాదీ గ్రామోద్యోగ సంఘ చట్టము నిర్వచించినది. కొన్ని రకముల వస్త్రములను చేతిమగ్గములకే ప్రత్యేకించుచు 1985లో మరియొక చట్టము వచ్చినది. చేనేత ముద్ర 2006లోను, ఖాదీ ముద్రకు సంబంధించిన నిబంధనలు 2013లోను ఏర్పడినవి. ఈ సంగతులు మన నేతవారిలోనే అనేకులకు తెలియవు. మరమగ్గపు గుడ్డ చేనేత పేరుతో అమ్ముడుపోయినప్పుడు నష్టపోవునది వారే. రెండు గుడ్డలను ప్రక్కప్రక్కన పరచి, చేతితో తాకి, భేదమును చూపుటకు ఇటువంటి కూడికకు మించిన పాఠశాల లేదు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశము దేశములో 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించినది. ఆ తీర్మానము మన తెలుగు గడ్డపై జరిగినదని గర్వింపవచ్చును. అయితే రాట్నమును వడ్రంగి కొన్ని దినములలో చేయగలడు, వడుకు చేయి తయారగుటకు ఏండ్లు పట్టును. నేడు పొందూరువంటి చోట్ల రాట్నము ముందు కూర్చున్నవారిలో వయసు మళ్ళిన స్త్రీలే యెక్కువ. కూలి తక్కువగుటచే పడుచువారు ఈ పనికి వచ్చుట లేదు. ఒక వృద్ధురాలు కన్నుమూసినచో ఆమె రాట్నము అటుకపై నిలుచును గాని ఆమె వ్రేళ్ళ కొలత ఆమెతోనే పోవును. దానిని మరల ఏ నిధులతోను కొనితేలేము.

ఇక పంచాయతికి ఇందేమి పని? రాజ్యాంగమునకు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి చేర్చిన పదునొకండవ షెడ్యూలులో, చట్టముద్వారా పంచాయతులకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. అందు తొమ్మిదవది ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు. ఇరువది రెండవది అంగళ్ళు, సంతలు. కావున నేతవారి సంగతి మాకేల యని పంచాయతి అనుటకు వీలు లేదు. నేను కోరునది పెద్ద వ్యయముతో కూడినది కూడ కాదు. కొన్ని సూచనలు మనవి చేసెదను.

మొదటిది, తావు. పంచాయతి భవనమునో, పాఠశాల వరండానో ఒక పూట ఇప్పించవలెను. వెలుతురు బాగుగా నుండవలెను, నూలును దీపపు వెలుగున పరీక్షింపలేము. పరచుటకు శుభ్రమైన చాపలు, త్రాగుటకు నీరు ఉన్న చాలును.

రెండవది, కాలము. 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమము ప్రకటింపబడినందున, 2015 నుండి ఆ దినమును జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. ఆ దినమున సభ జరుపుట మంచిదే. కాని అది వానకాలము. మగ్గములవద్దకు వెళ్ళి పని చూడదలచినచో సంక్రాంతి తరువాతి దినములు అనుకూలము.

మూడవది, పద్ధతి. ప్రతివారును తమ మంచి పనితోపాటు చెడిన పనిని కూడ ఒకటి తీసికొనిరావలెను. మంచిని చూచి ముచ్చటపడుదుము, చెడిన దానిని చూచి నేర్చుకొందుము. చిలపకు వడికినవారి పేరుగల చీటీని, గుడ్డకు వడికినవారు, నేసినవారు ఇరువురి పేర్లు గల చీటీని కట్టవలెను. బహుమతులు వలదు. బహుమతి యున్నచోట చెడిన పనిని ఎవ్వరును చూపరు.

నాల్గవది, పిల్లలు. పాఠశాల పిల్లలను పిలిచి, ఏకును చేతికిచ్చి, దారము లాగనివ్వవలెను. పదిమందిలో ఒక్కరికి ఆసక్తి కలిగినను మేలే. తమ తల్లి, తమ అవ్వ చేయు పని ఊరంతయు వచ్చి చూడదగినదని మిగిలిన తొమ్మిదిమందియు తెలిసికొందురు.

ఐదవది, లెక్క. ఆ దినమున వచ్చినవారి పేర్లు, వారు చేయు పని, వారికున్న చిక్కులు ఒక పుస్తకమున వ్రాయించవలెను. గుంటలో నీరు ఊరు మగ్గములెన్ని, కంటి అద్దములు కావలసినవారెందరు, గుర్తింపు చీటీ లేనివారెవ్వరు అను వివరములు గ్రామసభ ముందుంచినచో, అర్జీ వ్రాయుటకు ఆధారము చేతిలో నుండును.

ఈ కూడికవలన కూలి పెరుగునని నేను చెప్పుట లేదు. కూలి పెరుగుటకు ధర రావలెను, నూలు సమయమునకు అందవలెను, సహకార సంఘములు సక్రమముగా నడువవలెను. ఒక పూట కూడిక ఆ పనులన్నింటిని చేయలేదు. కాని విడివిడిగా ఇండ్లలో కూర్చుండి పనిచేయువారు తమ కష్టమును విడివిడిగనే చెప్పుకొందురు, దానిని ఎవ్వరును వినరు. ఒకరి పనిని ఒకరు చూచి, ఒకరి పేరు ఒకరు తెలిసికొనినవారు కలిసి అడుగుదురు. సంఘమనునది రిజిస్టరులోని పేర్లవలన ఏర్పడదు, ఈ ఎరుకవలన ఏర్పడును.

సభ్యులారా, మీ గ్రామములో రాట్నములు గాని మగ్గములు గాని ఎన్ని యున్నను, రెండే యున్నను సరే, రాబోవు గ్రామసభకు ముందు ఆ యిండ్లకు ఒక్కసారి వెళ్ళుడు. వారు చేసిన పనిని చేతిలోనికి తీసికొని చూడుడు. ఎవరు వడికిరి, ఎవరు నేసిరి అని అడుగుడు. ఆ పేర్లు మీకు తెలిసినచో, వారిని ఒకచోట కూర్చుండబెట్టుట కష్టమైన పని కాదు. చేతి నేర్పు గలవారు మన మధ్యనుండగనే ఈ పని జరుగవలెను.