తలుపు మూయని కళాశాల
(శతాబ్ది ఉత్సవముల విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



విద్యను గూర్చి మాటలాడుమని కమిటీవారు మమ్మును కోరినారు. మన పూర్వపు మిషనరీలు స్థాపించిన పాఠశాలలను గూర్చి చెప్పుటకు మాకంటె అర్హులైన పెద్దలు ఇక్కడనే ఉన్నారు. కనుక మేము దూరదేశపు ఒక కళాశాల అధ్యక్షుని సంగతి చెప్పదలచినాము. ఆయన పేరు ఎడ్వర్డో పడ్రోన్. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రములో మయామి డేడ్ కళాశాలకు 1995 నుండి 2019 వరకు అధ్యక్షులుగా ఉన్నవారు.

పడ్రోన్ గారు క్యూబాలో పుట్టినారు. అక్కడ 1959లో ప్రభుత్వము మారిన పిమ్మట, బిడ్డల భవిష్యత్తు ఏమగునోనని భయపడిన తలిదండ్రులు పిల్లలను ఒంటరిగా విమానమెక్కించి అమెరికా పంపివేసినారు. 1960, 1962 సంవత్సరముల మధ్య అట్లు వచ్చిన పిల్లలు పదునాలుగు వేలకు పైగా ఉన్నారు. వారిని చేర్చుకొని ఆశ్రయము చూపిన పని మయామిలో బ్రయన్ వాల్ష్ అను కథోలిక గురువు చేతుల మీదుగా జరిగినది. 1961లో పదునైదేండ్ల పడ్రోన్, తమ్ముని వెంటబెట్టుకొని అట్లే దిగినాడు. ఇంగ్లీషు అంతంతమాత్రము. ఎట్లయినను కాలేజీ చదువు చదువవలెనని తల్లి చెప్పి పంపిన మాటను ఆయన పెద్దవాడైన తరువాత పలుమార్లు జ్ఞాపకము చేసికొన్నారు.

పేరుగల విశ్వవిద్యాలయములు ఆ కుర్రవాని దరఖాస్తులను త్రోసివేసినవి. రమ్మన్నది 1960లో తెరచిన డేడ్ కౌంటీ జూనియర్ కాలేజీ ఒక్కటే. అటువంటి కళాశాలలను అక్కడ కమ్యూనిటీ కాలేజీలందురు. హైస్కూలు ముగించినవారెవరైనను చేరవచ్చును. ఫీజు తక్కువ. పగలు పని చేయువారికి సాయంకాలపు తరగతులుండును. లెక్కలలో, భాషలో వెనుకబడినవారికి ముందుగా ఆ లోటు పూడ్చు పాఠములు చెప్పుదురు. రెండేండ్లు చదివి, పెద్ద విశ్వవిద్యాలయములో మూడవ ఏట చేరవచ్చును. లేదా నర్సింగు వంటి పని నేర్చుకొని ఉద్యోగమునకు పోవచ్చును.

పడ్రోన్ గారు ఆ దారినే పోయి ఫ్లోరిడా విశ్వవిద్యాలయములో అర్థశాస్త్రమున డాక్టరేటు పొందినారు. పెద్ద కంపెనీ కొలువు సిద్ధముగా ఉండగా, కొద్దికాలము పాఠము చెప్పుదమని తనను చేర్చుకొన్న కళాశాలకే తిరిగి వచ్చినారు. ఆ కొద్దికాలము దాదాపు యాబది ఏండ్లయినది!

1980లో ఆయన నగరము నడిబొడ్డున నున్న ఊల్ఫ్‌సన్ ఆవరణమునకు అధిపతి అయినారు. ఆ సంవత్సరము మయామికి గడ్డు సంవత్సరము. ఒక నల్లజాతి పౌరుని మృతి కేసులో పోలీసులు నిర్దోషులుగా విడుదలైనందున మే నెలలో అల్లర్లు చెలరేగి పదునెనిమిదిమంది చనిపోయినారు. అదే వేసవిలో క్యూబానుండి పడవలమీద లక్షా పాతికవేలమంది వచ్చి పడినారు. అటువంటి ఊరిలో, 1984లో, ఆ ఆవరణములో పుస్తక ప్రదర్శన మొదలయినది. నగరములోని పుస్తక విక్రేతలు, గ్రంథాలయమువారు, కళాశాలవారు కలిసి చేసిన పని అది. ఒకరి పేట ఒకరు తొక్కని జనము ఒకే వీధిలో పుస్తకములు బేరమాడినారు. నేటికిని అది ఏటేట జరుగుచున్నది. ఒకప్పుడు క్యూబా శరణార్థులకు చీటీలు, మందులు ఇచ్చిన ఫ్రీడమ్ టవర్ అను పాత భవనము కూడ 2005లో దానముగా కళాశాలకే చేరినది.

ఆయన కాలములో ఏటికి లక్షా అరువది వేలకు పైబడి విద్యార్థులు అక్కడ చదివినారు. 2003 నుండి నాలుగేండ్ల డిగ్రీలు కూడ ఇచ్చుచున్నారు. 2016లో అధ్యక్షుడు ఒబామా దేశపు అత్యున్నత పౌర పతకమును ఆయన మెడలో వేసినారు.

అంతా సవ్యమేనని మేము చెప్పము. అట్టి కళాశాలలలో చేరినవారిలో అనేకులు ముగించకుండనే మానివేయుదురు. ఇంటి బరువు వారిని లాగివేయును. తలుపు తెరచుట ఒకటి, లోపలికి వచ్చినవానిని నిలుపుట మరొకటి. మరియు 2019లో ఆయన విరమించినప్పుడు, కొత్త అధ్యక్షుని ఎన్నిక దాదాపు ముగియవచ్చిన దశలో ధర్మకర్తలు దానిని రద్దుచేసి మొదటికి తెచ్చినారు. కమిటీలు ఎక్కడైనను కమిటీలే.

మన దేశములో ఈ పద్ధతి 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయములోను, 1996లో మద్రాసు-మైలాపూరు అగ్రపీఠము పక్షమునను ఆరంభమైనది.

ఇక మా సంగతి. ఏటేట జూన్ నెలలో ఇంటర్మీడియట్ తప్పిన పిల్లలు సిఫారసు ఉత్తరము కొరకు మా ఇంటి అరుగుమీద కూర్చుందురు. మార్కుల కాగితము చూచి, "వచ్చే ఏడు చూద్దాము, నాయనా" అని పంపినది మేమే. అట్లు పంపిన ఒక కుర్రవాడు మరల రాలేదు. రెండేండ్ల తరువాత హైదరాబాదులో కట్టుచున్న ఇంటి దగ్గర కాపలా ఉన్నాడని వాని తల్లి ఆరాధన ముగిసినాక చెప్పినది. ఆమె మమ్మును తప్పు పట్టలేదు. ఆ రాత్రి మాకు అన్నము సహించలేదు.

మన సంఘ హాలు వారమునకు ఆరు రోజులు తాళము వేసియుండును. సాయంకాలము ఆరు మొదలు ఎనిమిది వరకు దానిని తెరచినయెడల లెక్కలు, ఇంగ్లీషు చెప్పుటకు రిటైరయిన ఉపాధ్యాయులు ఇద్దరు ఒప్పుకొన్నారు. కరెంటు బిల్లు ఎవరు కట్టవలెనన్న ప్రశ్న గత మూడు కమిటీ కూటములనుండి నడుచుచున్నది. కోశాధికారి అయ్యగారు ముందు వరుసలోనే కూర్చుండియున్నారు. తాళపుచెవి వారివద్దనే ఉన్నది.