ముదిమి – మనోధైర్యము
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



వీధిదీపములను గురించి, మంచినీటిని గురించి మీరు నిత్యము ఆలోచించుచున్నారు. నేడు మన అరుగుల మీద కూర్చున్న పెద్దలను గురించి నాలుగు మాటలు మనవి చేసెదను.

భార్య గతించిన రైతును, ఒక్కగానొక్క కొడుకు వలసపోయిన తల్లిని తలచుకొనుడు. “ఇంక నా పని అయిపోయినది, ముసలితనమున ఇంతేగదా!” అని వారు మూల చేరుదురు. అన్నము సహింపకున్నను, నిద్ర పట్టకున్నను వైద్యుని కడకు పోరు. వారిని పడద్రోసినది కష్టము. తిరిగి లేవనీయనిది ఆ నమ్మకము. ఒక కష్టము ఆ నమ్మకమును పెంచును. ఆ నమ్మకము మరియొక కష్టమునకు తట్టుకొను శక్తిని తగ్గించును.

ఇది వట్టి నీతివాక్యము కాదు. అమెరికాలో బెక్కా లెవీ అను పరిశోధకురాలు, ఆమె సహచరులు 2000లో ఒక పరీక్ష ప్రకటించిరి. కొందరు వృద్ధులకు ముసలితనమును కించపరచు మాటలను రెప్పపాటు కాలము తెరపై చూపి, పిదప లెక్కలు చేయుమనగా వారి రక్తపోటు హెచ్చినది. వార్ధక్యమును గౌరవించు మాటలు చూపినవారికి అట్లు హెచ్చలేదు. 2002లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, ఒహాయో రాష్ట్రమందలి ఒక పట్టణమున 50 ఏండ్లు దాటిన 660 మందిని పరిశీలించిరి. తమ ముదిమిని గురించి మంచి భావము గలవారు తక్కినవారికంటె సుమారు 7½ సంవత్సరములు అధికముగా జీవించిరి. ఆరోగ్యము, ఆర్థికస్థితి, ఒంటరితనము లెక్కలోనికి తీసికొన్నను ఈ వ్యత్యాసము నిలిచినది.

అట్లని దుఃఖములో నున్నవారికి “ధైర్యముగా ఉండుడు” అని చెప్పి చేతులు దులుపుకొనరాదు. ధైర్యము మందునకు, కూటికి బదులు కాదు. మీరు చేయదగినవి ఇవి: ఏ ఇంట మరణము సంభవించినను, పంట పోయినను, కర్మకాండ ముగిసిన తరువాత కూడ ఒక సభ్యుడు ఆ పెద్దను పలుకరించి రావలెను. బాధ తగ్గనిచో ఆరోగ్యకేంద్రమునకు తోడుగా పోవలెను. గ్రామసభలో చెఱువు తూములను గురించి, పాత హద్దులను గురించి వారి సలహా అడుగవలెను. అడిగినవాడు కలడని తెలిసినచో “నా పని అయిపోయినది” అను మాట నోట రాదు. బిడ్డలు పోషింపనిచో 2007వ సంవత్సరపు చట్టము ప్రకారము తల్లిదండ్రులు భరణము కోరవచ్చును. వృద్ధుల సహాయమునకు 14567 అను ఫోను సంఖ్య కలదు.

చెఱువుకు గండి పడినపుడు ఊరంతయు పార, తట్టలతో కదలును. పెద్దల గుండెకు గండి పడినపుడును అట్లే కదలుడని మనవి.