చెరువు హద్దు, పచ్చని పట్టీ: ప్లాటు కొనేముందు మనం తెలుసుకోవాల్సినవి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా బ్యాంకు లింకేజీ గురించి, రికవరీ గురించి, వడ్ల కొనుగోలు సెంటర్ల గురించి మాట్లాడుకున్నాం. మమ్మల్ని మాత్రం చెరువు గురించి చెప్పమన్నారు. చెరువుకూ సంఘానికీ సంబంధం ఏందని కొందరికి అనిపించవచ్చు. మన సంఘాల్లో చెరువు కింద పొలం ఉన్నవాళ్లున్నారు. చేపలమ్ముకునేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, బర్లు కాసేవాళ్లున్నారు. బతుకమ్మలు వేసేది అక్కడే, కట్ట మైసమ్మకు బోనం ఎత్తేదీ అక్కడే. ఈ మధ్య ఇంకో సంబంధం కూడా కలిసింది. లోన్ తీసుకుని ప్లాట్లు కొనేవాళ్లు కూడా మనలోనే ఉన్నారు. అందుకే ఈ మాట ఇక్కడ చెప్పాలి.

ముందు నిబంధన ఏందో చూద్దాం. మేము టెన్త్ వరకే చదువుకున్నోళ్లం. జీవోలు చదివితే మొదట్లో మాకూ అర్థం కాలేదు. నాలుగుసార్లు చదివి, సర్వేయర్‌ను, ఏఈ సార్‌ను అడిగి అడిగి తెలుసుకున్నాం.

ఎఫ్‌టీఎల్ అని ఒక మాట ఉంది. చెరువు మత్తడి దూకే మట్టానికి నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా నిలబడతాయో అదే ఎఫ్‌టీఎల్ హద్దు. ఎండాకాలం అక్కడ నీళ్లుండవు, నేల పగిలి ఉంటది. కారులో వచ్చి చూసినవాళ్లకు అది మంచి ప్లాటులాగే కనబడతది. మన పెద్దలు దాన్నే శిఖం అన్నారు. కొన్నిచోట్ల శిఖంలో పట్టాలు కూడా ఉంటాయి. పట్టా ఉన్నంత మాత్రాన అక్కడ ఇల్లు కట్టుకోవచ్చని కాదు. నీళ్లు తగ్గినప్పుడు పంట వేసుకోవచ్చు, అంతవరకే.

ఆ హద్దు దాటాక వచ్చేది బఫర్. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168 నంబరు జీవోలో కొలతలు రాసి ఉన్నాయి. మున్సిపాలిటీలకు, పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోకి వచ్చిన మనలాంటి ఊర్లకు ఇది వర్తిస్తుంది. చెరువు 10 హెక్టార్లు, అంటే 25 ఎకరాలకు కొంచెం తక్కువ, అంతకంటే పెద్దదైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు. కాలువ, వాగు, నాలా 10 మీటర్ల కంటే వెడల్పు ఉంటే అంచు నుంచి 9 మీటర్లు, 10 మీటర్లు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే 2 మీటర్లు. నదికైతే ఊర్ల దగ్గర 100 మీటర్లు, మున్సిపాలిటీల లోపల 50 మీటర్లు.

మీటర్లు గుర్తుండవు అన్నది మా గంగాళం గ్రూపు పెద్దమ్మ. అందుకని మేము చీరల లెక్కన చెప్పుకున్నాం. మనం కట్టే చీర అయిదున్నర మీటర్లు ఉంటది. పెద్ద చెరువుకు అయిదున్నర చీరలు పరిచినంత దూరం, కుంటకు ఒక చీర, ఇంకో చీరలో సగం కంటే కొంచెం ఎక్కువ. ఇట్ల చెప్పాక ఇప్పుడు మా ఊరిలో ఎవరినడిగినా చెప్తారు.

ఈ బఫర్‌ను ఊరికే ఖాళీగా వదలమని కాదు రాసింది. పచ్చదనం కోసం, జనం తిరిగేందుకు ఉంచాలన్నారు. అందులో ఇల్లు కట్టరాదు. ఎందుకంటే, వానకు పైనుంచి వచ్చే మట్టిని చెట్ల వేర్లు, గడ్డి ఆపుతాయి. ఆ మట్టి చెరువులోకి పోతే పూడిక పెరిగి నీళ్లు పట్టే జాగ తగ్గుతది. ఇండ్ల మురికి నేరుగా నీళ్లలో కలవకుండా ఆ పట్టీ అడ్డుపడతది. పెద్ద వాన వచ్చినప్పుడు నీళ్లు పరుచుకోవడానికి అంత జాగ ఉంటది. ఆ జాగ లేకపోతే నీళ్లు ఇండ్లల్లోకి వస్తయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చెరువుల కింది కాలనీలు ఎట్ల మునిగినయో టీవీలో మనమందరం చూసినం.

హైదరాబాద్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. 1908లో మూసీ వరద వచ్చి వేల మంది పోయినంక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టిండ్రు. ఆ రెండు చెరువుల్లోకి నీళ్లొచ్చే దారులు పాడుకావద్దని 1996లో 111 నంబరు జీవో తెచ్చి, 84 ఊర్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టిండ్రు. 2022లో ఇంకో జీవోతో ఆ ఆంక్షలు తీసేసిండ్రు. అక్కడి రైతులకు ఆ ఆంక్షలతో భూమి ధర రాక బాధ ఉండె, అది కూడా నిజమే. మేము ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. కాగితం మీది రక్షణ కాగితంతోనే పోతది. ఊరివాళ్లకు అది ఎందుకు కావాలో తెలిసి ఉంటేనే నిలబడతది. అందుకే మనం నేర్చుకోవాలి అంటున్నం.

ఇగ మా ఊరి సంగతి. మా కుంట 14 ఎకరాలు. దాని పైవైపు ఒక వెంచర్ వచ్చింది. ఎవరిదో పేరు చెప్పము, అవసరం కూడా లేదు. మొదట ఊరంతా సంతోషపడ్డది. రోడ్డు వస్తది, భూమి ధర పెరుగుతది అనుకున్నం. మా గ్రామ సంఘం సభ్యులు నలుగురు ప్లాట్లు బుక్ చేసుకున్నారు. ఇద్దరు సంఘం లోన్ కూడా అందులోనే పెట్టిండ్రు. బిడ్డ పెళ్లికి అక్కరకొస్తదని వాళ్ల ఆశ.

వానాకాలం మొదట్లో రెండు విషయాలు కనబడ్డయి. గుట్ట దిక్కు నుంచి కుంటలోకి నీళ్లు తెచ్చే కాలువను మొరం పోసి చదును చేసిండ్రు. రెండోది, పార్కు అని రాసిన హద్దురాళ్లు నీళ్లల్లో ఉన్నయి. ప్లాట్ల హద్దురాళ్లు కొన్ని నీళ్ల అంచుకే ఉన్నయి.

మేము సంఘం మీటింగులో ఈ ముచ్చట పెట్టినప్పుడు గొడవే అయింది. బుక్ చేసుకున్న ఒక చెల్లె లేచి, "మీకు పొలాలున్నయి, చెరువు కావాలి. నాకు గుంట భూమి లేదు. ఉన్న ఒక్క ప్లాటు కూడా పోగొడతరా అక్కా?" అని అడిగింది. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఆ రోజు మేము తీర్మానం రాయలేదు. ముందు హద్దు ఎక్కడుందో తేల్చుకుందాం, ప్లాటు హద్దు బయట ఉంటే ఎవరూ మాట్లాడొద్దు, లోపల ఉంటే ఆ చెల్లె పైసలు తిరిగి వచ్చేదాకా సంఘం ఆమె వెంట ఉండాలి అని మాట అనుకున్నం. ఆ మాటకు ఆమె కూడా ఒప్పుకుంది.

తర్వాత చేసిన పని వరుసగా చెప్తం, మీ ఊర్లో పనికొస్తది. సర్వే ఆఫీసు నుంచి గ్రామ నక్షా తెచ్చుకున్నం. అందులో కుంట, కాలువ రెండూ గీసి ఉన్నయి. సమాచార హక్కు చట్టం కింద లేఅవుట్ అనుమతి కాపీ, ప్లాను అడిగినం. గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు కార్డు చూపితే అదీ లేదు. 30 రోజుల్లో జవాబియ్యాలి. ఆ కాగితాలు పట్టుకుని గ్రామసభలో అడిగినం. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలి, అక్కడ మనం మాట్లాడొచ్చు. తర్వాత సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇచ్చినం. ఒక్కసారి కాదు, మూడుసార్లు పోయినం. కూలి పోగొట్టుకుని, బస్సు కిరాయి పెట్టుకుని వచ్చిన అక్కలకు ఈ సభలో దండం పెడుతున్నం.

చివరికి ఇరిగేషన్ వాళ్లు, రెవెన్యూ వాళ్లు కలిసి వచ్చి కొలిచిండ్రు. మూడు ప్లాట్లు బఫర్‌లో పడ్డయి. పార్కు సగం ఎఫ్‌టీఎల్‌లోనే ఉంది. వెంచరాయన ప్లాను మార్చిండు, కాలువ మళ్లీ తోడించిండు. మా నలుగురిలో ఇద్దరి ప్లాట్లు బయటనే ఉన్నయి, వాళ్లకు ఏమీ కాలేదు. ఒకామెకు వేరే ప్లాటు ఇచ్చిండు. మొదట మమ్మల్ని అడిగిన చెల్లెకు పైసలు వాయిదాల్లో వస్తున్నయి, ఇంకా రెండు వాయిదాలు రావాలి. అవి వచ్చేదాకా మా సంఘం నెల నెలా అడుగుతనే ఉంటది.

ఇక్కడ పార్కు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మోసం జరిగేది ఇందులోనే. లేఅవుట్‌లో 10 శాతం జాగ అందరి కోసం ఖాళీగా వదలాలి. దాన్ని గిఫ్ట్ డీడ్ చేసి పంచాయతీకి రిజిస్ట్రేషన్ చేయాలి. అప్పటి నుంచి అది ఊరి ఆస్తి. బఫర్ పట్టీని ఈ ఖాళీ జాగలో లెక్కపెట్టుకోవడానికి నిబంధన ఒప్పుకుంటది. నీళ్లు నిలిచే జాగను మాత్రం పార్కు అని చూపడానికి లేదు. చాలా ఊర్లలో ఆ 10 శాతాన్ని తర్వాత ప్లాట్లు చేసి అమ్మేస్తున్నరు. మీ పంచాయతీలో ఎన్ని లేఅవుట్లకు గిఫ్ట్ డీడ్లున్నయో ఒకసారి కార్యదర్శిని అడగండి.

ఇల్లు కట్టుకునేటప్పుడు కూడా పచ్చదనం నిబంధన ఉంది. 300 చదరపు మీటర్లు దాటిన ప్లాటులో ప్రహరీ వెంట మీటరు వెడల్పు చెట్ల పట్టీ పెంచాలి. పెంచకపోతే ఇంటి పన్నులో 10 శాతం అదనంగా వేయొచ్చని రాసి ఉంది. పంచాయతీ కూడా తన బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి ఖర్చు చేయాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతికించాలి. ఇది 2018 చట్టంలోని మాటే.

మా కుంట బఫర్‌లో హద్దు తేలినంక ఊరి నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి నాటినం. ఏ మొక్క వేయాలి అన్నదాని మీద కూడా చర్చ జరిగింది. అందానికి వేసే మొక్కలు వద్దన్నం. నీటి అంచుకు మద్ది, నేరేడు, కానుగ వేసినం. కొంచెం పైకి వేప, చింత. గీత కార్మికుల ఇండ్లవాళ్లు అడిగితే ఒక వరుస ఈత పెట్టినం. బర్లు నీళ్లకు దిగే దారి, బతుకమ్మ జాగ వదిలినం. ఆ దారి వదలకపోతే కంచె ఎన్నిరోజులు నిలుస్తదో మనకు తెలుసు కదా. మొదటి ఎండాకాలం కొన్ని చెట్లు పోయినయి. గ్రూపుకు ఒక వరుస చొప్పున పంచుకున్నాక నీళ్లు పోయడం సక్కగ జరుగుతున్నది.

ఇప్పుడు ప్లాటు కొనాలనుకునే అక్కలకు అయిదు మాటలు.

ఒకటి, "నాలా అయింది" అంటే నమ్మొద్దు. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చినట్టు మాత్రమే, లేఅవుట్ అనుమతి వచ్చినట్టు కాదు. మన భాషలో నాలా అంటే నీళ్ల కాలువ కూడా. ఆ నాలా ఉందో పూడ్చిండ్రో కూడా చూసుకోండి.

రెండు, లేఅవుట్ అనుమతి నంబరు అడిగి, పంచాయతీలో గానీ పట్టణాభివృద్ధి సంస్థలో గానీ సరిచూసుకోండి.

మూడు, రోడ్లు, డ్రైనేజీ పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు అధికారుల పేర తనఖాలో ఉంటయి. మీకు చూపే ప్లాటు అందులోది కాదని తెలుసుకోండి.

నాలుగు, ఎండాకాలం చూసిన ప్లాటును వానాకాలం మళ్లీ చూడండి. పక్కన చెరువు, కుంట ఉంటే ఊరి ముసలోళ్లను అడగండి. మత్తడి దూకిన ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయో వాళ్లకు యాదికుంటది.

అయిదు, అడ్వాన్స్ ఇచ్చిన ప్రతి రూపాయికి రశీదు తీసుకోండి. మా చెల్లెకు పైసలు తిరిగి వస్తున్నయంటే ఆమె దగ్గర రశీదులున్నందుకే.

ఈ మహాసభ ముందు మా గ్రామ సంఘం రెండు ప్రతిపాదనలు పెడుతున్నది. మొదటిది, ఎవరైనా సభ్యురాలు ప్లాటు కోసం లోన్ అడిగితే, లేఅవుట్ అనుమతి కాపీ, చెరువు హద్దు చూసిన వివరం దరఖాస్తుకు జతచేయాలి. ఇది లోన్ ఆపడానికి కాదు, అక్క పైసలు నీళ్లల్ల పోకుండా. రెండోది, ప్రతి గ్రామ సంఘం తన ఊరి చెరువులు, కుంటలు, కాలువల పట్టిక రాసి, నక్షా కాపీ మినిట్స్ బుక్కుతో పాటు ఆఫీసులో పెట్టుకోవాలి. హద్దు తేలని చెరువుల పేర్లు మండల సమాఖ్యకు పంపితే, సమాఖ్య అన్నింటినీ కలిపి ఒకే దరఖాస్తుగా కలెక్టర్ గారికి ఇవ్వాలి. ఒక్క ఊరు మూడుసార్లు తిరిగిన పని, అన్ని ఊర్లు కలిసి పోతే ఒక్కసారికే అవుతదని మా నమ్మకం.

ఈ రెండింటి మీద మీ అభిప్రాయాలు చెప్పండి, ఒప్పుకుంటే ఈ రోజే తీర్మానం రాద్దాం. నక్షా తీసుకునేకాడ, దరఖాస్తు రాసేకాడ ఎవరికి సాయం కావాలన్నా మా ఊరికి రండి, లేదంటే మేమే వస్తం.