టికెట్ డబ్బు ఎవరికి?

మలేషియాలోని మన ఇపోలో 2017లో తెరిచిన యానిమేషన్ పార్కు మ్యాప్స్ 2020 జనవరిలో మూతపడింది. సినిమా హాళ్లలో మన యానిమేషన్ కథ మాత్రం వేరు.

మలేషియా తొలి 3డి యానిమేషన్ చిత్రం 'గెంగ్' 2009లో వచ్చింది. కొత్త కథ కదా! అందుకని అందులోని కవలలు ఉపిన్, ఇపిన్‌లను 2007 రంజాన్ మాసంలోనే టీవీలో పిల్లలకు పరిచయం చేశారు. ఎంతో ముందుచూపున్న పని అది. సుమారు 40 లక్షల రింగిట్ల ఖర్చుకు 60 లక్షలకు పైగా వసూలైంది.

2019లో అదే కవలలతో 'కెరిస్ సియామాంగ్ తుంగ్గల్' తీశారు. ఖర్చు సుమారు 2 కోట్ల రింగిట్లు, వసూలు దాదాపు 2 కోట్ల 60 లక్షలు. లాభమే అనుకుంటాం. కానీ టికెట్ డబ్బులో ఇంచుమించు సగం హాళ్లకే పోతుంది. ఆ లెక్కన హాళ్ల రాబడితోనే పెట్టుబడి తిరిగి రాదు. మిగతాది టీవీ హక్కులు, బొమ్మలు, స్కూలు బ్యాగులు పూడ్చాలి. అదే ఏడాది 3 కోట్లు దాటిన 'ఎజెన్ అలీ' కూడా టీవీలో పేరు తెచ్చుకున్నాకే వెండితెరకెక్కింది.

అసలు పరీక్ష ఎవరూ ఎరగని కథకే. అలాంటి సినిమా వస్తే మొదటి వారంలోనే పిల్లల్ని తీసుకెళ్లండి. జనం లేకపోతే రెండో వారానికి ఆటలు తగ్గించేస్తారు.