రథవీధియు ఆలయభాగమే



విమానశిఖరంపై నూతన కలశస్థాపన జరిగి, మహాకుంభాభిషేకం నిర్విఘ్నంగా సంపన్నమైన ఈ శుభవేళ, ప్రాకారానికి వెలుపలనున్న వీధిని గూర్చి నాలుగు మాటలు విన్నవించుకొంటున్నాను.

శిల్పశాస్త్ర గ్రంథమైన మయమతం గ్రామవిన్యాసాన్ని నిరూపిస్తూ వీధులకు సైతం పేర్లు విధించింది. బ్రహ్మస్థానాన్ని చుట్టిన వీధి బ్రహ్మవీధి. గ్రామపు అంచున చుట్టివచ్చేది మంగళవీధి. వీధిని కూడ సంకల్పపూర్వకంగా కొలిచి విడిచేవారని దీనివలన గ్రహించాలి.

మధుర మీనాక్షీ సుందరేశ్వరుల క్షేత్రం ఇందుకు చక్కని నిదర్శనం. అచ్చట ఆడి, చిత్తిరై, ఆవణిమూల, మాసి వీధులు తమిళమాసాల పేర్లతో ఒకదానిని మరొకటి చుట్టి ఉన్నవి. చిత్తిరై ఉత్సవంలో మహారథాలు మాసి వీధులలో సాగుతాయి. 16వ శతాబ్దిలో ఆ నగరాన్ని తీర్చిదిద్దిన ఘనత మన తెలుగు నాయకరాజైన విశ్వనాథ నాయకునికి చెబుతారు. కాలక్రమాన ఎత్తైన కట్టడాలు గోపురదర్శనానికి అడ్డురాగా, ఆలయానికి 1 కిలోమీటరు పరిధిలో కట్టడాల ఎత్తు 9 మీటర్లు మించరాదని 1997లో తమిళనాడు ప్రభుత్వం ఉత్తరువు చేసింది. చిత్తిరై వీధులలో వాహనాలను నిషేధించి రాతిపరుపు వేశారు. అయినను ఆ ఉత్తరువును అతిక్రమించిన కట్టడాలు అచ్చట లేకపోలేదు. గృహస్థుల సమ్మతి తోడుకానిదే శాసనం ఒక్కటే వీధిని కాపాడలేదు.

ఇక మన వీధి సంగతి. రథానికి గట్టి నేల, మూలలో తిరగడానికి చాలినంత వెడల్పు, శిఖరానికి అడ్డులేని ఆకాశం కావాలి. మన వీధిలో మెట్లు, రేకుల పందిళ్లు ముందుకు జరిగి మూలలు ఇరుకైనవి. పైన విద్యుత్ తీగలు అల్లుకొన్నవి. దుకాణాలు తొలగించమని నేను కోరను. పూలు, కొబ్బరికాయలు అమ్మేవారు లేని రథవీధికి శోభ లేదు. వారి జీవనమూ స్వామి చల్లనిచూపులో భాగమే. మెట్టును గడపలోపలికి, రేకును గోడవరకు జరుపుకోమని మాత్రమే ప్రార్థన.

గుడికి రాలేని వృద్ధులకు, రోగులకు ఉత్సవమూర్తియే వాకిటికి వచ్చి దర్శనమిస్తాడు. మూల తిరగలేక రథం నిలిచిపోతే, ఆ పైనున్న వాకిళ్లలో చేతులు జోడించి నిలిచినవారికి ఆ దర్శనం దక్కదు.

కావున రాబోవు రథోత్సవానికి ముందే ధర్మకర్తలు, గృహస్థులు, వర్తకులు ఒకచోట కూడి, రథం వెడల్పును ప్రమాణంగా గైకొని ప్రతి మూలనూ తాడుపట్టి కొలిపించవలసినదిగా మనవి. తీగలను భూమిలోనికి మార్పించే యత్నమూ అప్పుడే ఆరంభించాలి.

శుభం భూయాత్.