కోయిలకుంట్ల తిరుగుబాటు: కారణములు, ఫలితములు



నంద్యాల మొదలు ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల వఱకు వ్యాపించిన నల్లరేగడి సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు వినని పెద్దలుండరు. తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల, నడుమ కుందేరు గల యీ సీమలోనే 1846వ సంవత్సరమున ఆయన ఆంగ్లేయుల కుంఫిణీ ప్రభుత్వముపై కత్తి గట్టెను. ఆయన శౌర్యమును గూర్చిన పాటలు మీరు వినియే యుందురు. కావున దానిని మరల వర్ణించుట నా యుద్దేశము కాదు. నేను విచారింపదలచిన ప్రశ్న వేఱు. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణముతో కాలము గడపుచుండిన యొక మనుష్యుని వెంట వందలకొలది జనులు ప్రాణములకు తెగించి యేల నడచిరి?

దీనికి సమాధానము కావలెనన్న 46 ఏండ్లు వెనుకకు పోవలెను. 1800వ సంవత్సరము అక్టోబరులో నైజాము ప్రభువు తన రక్షణకై యుంచిన కుంఫిణీ సైన్యపు ఖర్చు క్రింద ఈ ప్రాంతములను ఆంగ్లేయులకు ధారపోసెను. ఇట్లు ఇయ్యబడుటచే వీనికి దత్తమండలములను పేరు వచ్చినది. ఆ దాస్యపు పేరు మనకు వలదని తలచి, 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో ‘రాయలసీమ’ యను పేరు పెట్టుకొంటిమి. కోయిలకుంట్ల, కంబము తాలూకాలు ఆ కాలమున కడప మండలములోనివి. నంద్యాల మాత్రము 1839 వఱకు కర్నూలు నవాబు ఏలుబడిలో నుండెను.

దత్తమండలములకు థామస్ మన్రో దొర 1800 మొదలు 1807 వఱకు ముఖ్య కలెక్టరు. ఆయన వచ్చునప్పటికి ఇచ్చట సుమారు 80 మంది పాలెగాండ్రుండిరి. వీరు కోటలు కట్టి, బంట్లను పెట్టుకొని, ఊళ్లను కాచుచు, శిస్తులు వసూలు చేయుచుండిరి. వారిలో ధర్మాత్ములును కలరు, దోచినవారును కలరు. మన్రో వారి బలమును అణచి, అధికారమును తొలగించి, కొందఱికి తవర్జీ యను నెలభరణము నేర్పఱచెను. రైతు నేరుగా సర్కారునకే శిస్తు కట్టు రైతువారీ పద్ధతి వచ్చెను. నడిమి దొర పోవుట రైతునకు కొంత మేలే. కాని శిస్తు రొక్కముగా కట్టవలెను. రేటును హెచ్చుగానే నుండెను. దానిలో నాలుగవ పాలు తగ్గింపవలెనని మన్రోయే 1807లో వ్రాసెను. పై యధికారులు అప్పుడు సమ్మతింపలేదు. 1820లో ఆయన మదరాసు గవర్నరైన పిమ్మటనే తగ్గింపు వచ్చెను.

పాలెగాడు పోయెను. మఱి ఆయన బంట్ల గతి యేమి? ఇదియే నా ప్రశ్నకు కీలకము. వీరికి కట్టుబడి బంట్రోతులని పేరు. ఊరు కాచుట, దొంగల జాడ తీయుట, పిలిచినప్పుడు ఆయుధముతో వచ్చుట వీరి పని. దానికి జీతము నాణెము కాదు, భూమి. తలారికి తలారి మాన్యమున్నట్లే వీరికి కట్టుబడి మాన్యములుండెను. వానిపై నామమాత్రపు పన్ను కట్టి తరతరములుగా అనుభవించుచుండిరి. సేవ యున్నంత కాలము భూమి యుండును, భూమి యున్నంత కాలము ఊరిలో మర్యాద యుండును. పాలెములు పోయిన తరువాత గూడ వీరు ఆ మాన్యములను నమ్ముకొనియే బ్రదుకుచుండిరి. 1846లో ప్రభుత్వము ఆ మాన్యముల హక్కును విచారించి, వానిని తిరిగి తీసికొను తలంపులో నుండెను. లెక్కల పుస్తకమున అది యొక పద్దు. కట్టుబడికి అది తాత నాటి పొలము.

ఇక నరసింహారెడ్డి సంగతి. ఆయన తాత, అనగా తల్లి తండ్రి, నొస్సము పాలెగాడు. ఆ వంశము వారి భరణము వారసులు లేరని నిలిచిపోయినది. దానిలో దౌహిత్రుడనైన నాకు భాగము రావలెనని ఆయన కోరెను. ప్రభుత్వము నిరాకరించెను. సర్కారు వ్రాతలలో తిరుగుబాటునకు ముందుగా కనబడు కారణ మిదియే. అది యబద్ధము కాదు. కాని ఒకని భరణము కొఱకు వందలమంది చావరు. నొస్సము భరణము ఆయన కోపమునకు కారణము. కట్టుబడి మాన్యములు ఆయన బలమునకు కారణము. ఈ రెండును ఒక్క వేసవిలో కలిసికొనుటచే నిప్పు రాజినది.

1846 జూలైలో ఆయన కోయిలకుంట్ల ఖజానాపై బడెను. వెంట నుండిన వారిలో కట్టుబడులు, బోయలు, ఇతరులును గలరు. వడ్డె ఓబన్న ఆయనకు కుడిభుజము. కడపనుండియు కర్నూలునుండియు దండ్లు వెంటాడుచుండగా, వారు ఎఱ్ఱమల, నల్లమల దుర్గముల నాశ్రయించి తిరిగిరి. గిద్దలూరు కడ వాట్సను అను సైనికాధికారితో పోరాడిరి. కంబము తాసీల్దారు వారిచే హతుడయ్యెను. తుదకు అక్టోబరులో పేరుసోముల దగ్గఱి కొండలో నరసింహారెడ్డి పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో ఆయనను ఉరి తీసిరి. అనుచరులలో ననేకులకు దీర్ఘకాలపు చెఱ ప్రాప్తించెను.

ఈ ప్రయత్న మేల విఫలమయ్యెను? ఆంగ్లేయుల నెదిరించి గెలిచినవారు లోకమున లేకపోలేదు. 1776లో అమెరికా వలసల వారు స్వాతంత్ర్యము చాటిరి. 1781లో యార్క్‌టౌనులో వారికి లొంగిన కారన్‌వాలిసు దొరయే అయిదేండ్లకు మనకు గవర్నరు జనరలుగా వచ్చెను. కాని అమెరికా వారికి శాసనసభలు, వార్తాపత్రికలు, ఫ్రెంచివారి నావలు తోడుండెను. మనవారికి తోడున్నవి కొండలు, గ్రామముల యాదరము మాత్రమే. పొరుగు మండలముల వారితో కలిసి నడచు సాధన మొకటియు లేకపోయెను.

ఇక ఫలితములు. మొదటిది భయము. ఉరి తీయుటతో ప్రభుత్వము తృప్తి చెందలేదు. ఆయన శిరస్సును కోటలో ఉరికొయ్యకు వ్రేలాడగట్టిరి. ఆ కొయ్య 1877 వఱకు, అనగా ముప్పది యేండ్లు, అట్లే నిలిచియుండెను. తండ్రి చేయి పట్టుకొని దానిని చూచిన బాలుడు తాను తండ్రియై తన బిడ్డకు చూపించునంత కాలమది. శవమునకు ఆ శిక్ష తెలియదు. అది బ్రదికియున్న ఊళ్లకు వేసిన శిక్ష.

రెండవది భూమికిని సేవకును గల సంబంధము తెగుట. 1858లో మదరాసు ప్రభుత్వము ఇనాము కమీషనును నియమించెను. నరసింహారెడ్డి తిరుగుబాటే దానికి కారణమని నేననను. కాని మాన్యములను తాకిన జనులు మండిపడుదురని కోయిలకుంట్ల ముందే చూపినది. కమీషను పద్ధతిలో, కొంత పన్నునకు ఒప్పుకొన్న యినాముదారులకు పట్టాలు లభించెను. భూమి స్థిరపడినది. కాని ఊరు కాచువాడు ఊరివాడుగా నుండు పాత కట్టు సడలినది. కావలి ఊరి ధర్మముగా నుండుట మాని కచ్చేరి యుద్యోగమయ్యెను.

మూడవది జ్ఞాపకము. కొయ్య కూలిపోయినను పాట నిలిచినది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయమునకు ఆయన పేరు పెట్టిరి. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనే ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ చేరియున్నవి. ఇది సంతోషింపదగినదే. అయినను నాకొక శంక కలదు. 1857 సిపాయిల తిరుగుబాటుకంటె పదేండ్లు ముందు జరిగినది గనుక ఇదియే మొదటిదని వాదించుటలోను, ఆ వీరుడు మా కులమువాడని చెప్పుకొనుటలోను మనము అసలు సంగతి మఱచుచున్నాము. రెడ్డి, వడ్డె, బోయ భేదము లేక ఒక్క కొండలో తలదాచుకొన్నవారి కథను కులమునకొక ముక్కగా కోసి పంచుకొనుట వారికి మఱల శిక్ష వేయుటయే యగును.

పెద్దలారా, మీ యిండ్లలో పాత మాన్యపు పట్టాలు, సనదులు చెదలు తినుచుండవచ్చును. మీ అవ్వలు చెప్పిన పేరులు మీతోనే పోవచ్చును. ఫలానా చేను కట్టుబడి మాన్యమని, దానిని ఫలానివారి తాత అనుభవించెనని మీకు తెలిసినచో, చదువుకొన్న మనుమని చేత నేడే వ్రాయింపుడు. నాయకుని పేరు విమానాశ్రయముపై నున్నది. ఆయన వెంట నడచినవారి పేరులు మీ నోట మాత్రమే యున్నవి.

సెలవు.